మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కి, నాన్న ప్రశ్నతో

నాన్న పోయిన ఏడాదికి నేనూ తమ్ముడూ జర్మనీలో ఒక కారు అద్దెకు తీసుకుని మాన్‌హైమ్ నుంచి బయల్దేరాం. ఫోర్ట్స్‌హైమ్ దాకా వెళ్ళాలి. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్, మోటారు కారు తయారుచేసిన భర్త కార్ల్‌కు చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటపెట్టుకుని మూడు చక్రాల మోటారు బండిలో వెళ్ళిన దారి అది. నూరు కిలోమీటర్లకు కాస్త పైన. అంతకుముందు కారులో అంత దూరం ఎవరూ వెళ్ళలేదు.

ఈ కథ తమ్ముడు నాన్నకు చెప్పినప్పుడు ఆయనకు ఎనభై నాలుగేళ్ళు. మెకానిక్ షెడ్డుకు వెళ్ళడం మానేశారు గానీ, వీధిలో బండి పోతుంటే చెవి అటే. "ఒక ప్లగ్గు కొట్టట్లేదు" అనేవారు, చేతిలో పని ఆపకుండానే. దారిలో అరిగిన చెక్క బ్రేకు దిమ్మలకు బెర్తా చెప్పులు కుట్టే ఆయన చేత తోలు కొట్టించుకుందన్న దాకా కథంతా విని ఒక్కటే అడిగారు: "బ్రేకు దిమ్మకి తోలు మేకులతో కొట్టాడు, సరే. తలలు లోపలికి దిగేట్టు కొట్టాడా?"

ముందు లాడెన్‌బుర్గ్‌లో ఆగాం. కార్ల్ బెంజ్ చివరి ఏళ్ళు గడిపిన ఊరు. 1929లో, ఎనభై నాలుగేళ్ళ వయసులో, ఇక్కడే కన్నుమూశాడు. కొడుకులతో కలిసి 1906లో పెట్టిన కంపెనీ తాలూకు కార్ఖానాలోనే ఇప్పుడు మ్యూజియం ఉంది. 1886లో పేటెంటు తీసుకున్న బండి నమూనా చుట్టూ తమ్ముడు మూడుసార్లు తిరిగాడు. ఒకటే సిలిండరు, వెనకాల అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద ఫ్లైవీలు. ఒంగి గొలుసు కేసి చూస్తూ "నాన్నయితే వేలితో నొక్కి లూజు చూసేవారక్కా" అన్నాడు.

వీస్‌లోఖ్‌లో బెర్తా ఇంధనం కొన్న మందుల షాపు ఇప్పటికీ ఉంది. అప్పట్లో పెట్రోలు బంకులు ఎక్కడివి? మరకలు పోగొట్టడానికి అమ్మే లిగ్రాయిన్ అనే ద్రవం కొని పోసుకుంది. దారిలో ఇంధనం గొట్టానికి చెత్త అడ్డం పడితే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. అక్కడ నిలబడితే నాకు నాన్న కోపం గుర్తొచ్చింది. ఒకసారి కార్బురేటర్ జెట్‌లో, అంటే పెట్రోలు పోయే సన్న రంధ్రంలో, నేను గుండుసూది దూర్చబోతే చెయ్యి పట్టుకున్నారు. గొట్టాన్ని పొడవచ్చు, జెట్‌ని పొడవకూడదు. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా బండి ఎక్కువ పెట్రోలు తాగుతుంది. నోటితో ఊది, వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి చూసేవారు. అందుకే ఆయన ఒంటికి ఎప్పుడూ పెట్రోలు వాసనే. ఇంటికి రాగానే సబ్బుపొడితో మోచేతుల దాకా కడుక్కున్నాకే మమ్మల్ని ఎత్తుకునేవారు.

పదమూడో ఏట పానాలు అందించడంతో మొదలైన పని అరవై ఏళ్ళకు పైగా సాగింది. ఆ చేతులే ఆఖర్న అమ్మకు జడ వేశాయి. మంచం పట్టిన ఆరేళ్ళూ ఆయనే వేశారు. మూడు పాయలూ సమానంగా తీసి, బిగుతు ఎక్కువైందేమోనని రెండుసార్లు అడిగేవారు. మాకెవరికీ ఆ జడ కుదరలేదు. మేం వేస్తే అమ్మ విప్పించుకునేది.

బ్రుఖ్జాల్‌లో బెర్తా ఒక కమ్మరి చేత గొలుసు బాగుచేయించుకుంది. మేం అక్కడ ఎక్కువసేపు ఆగలేదు. ఆ తర్వాత మిట్టలు. పదిహేనేళ్ళ ఓయిగెన్, పదమూడేళ్ళ రిచర్డ్ దిగి బండిని తోశారట. మేమూ అంతే, సెల్ఫ్ తియ్యని బండి ఏదొచ్చినా నేనూ తమ్ముడూ వెనక చేరి తోసేవాళ్ళం. ఆ ప్రయాణం తర్వాత బెర్తా సలహాతో బండికి ఎత్తులెక్కే ఇంకో గేరు చేరింది. నా దృష్టిలో ఆమె మెకానిక్కే. బండిలో లోపం ఎక్కడుందో నడిపి కనిపెట్టింది.

బౌష్లాట్ దగ్గర తమ్ముడు కారు పక్కకు తీశాడు. దిగుడుల్లో అరిగిపోయిన చెక్క బ్రేకు దిమ్మలకు చెప్పులు కుట్టే ఆయన తోలు కొట్టింది ఈ ఊళ్ళోనే. బ్రేకు అంటే మా ఇంట్లో ఇద్దరి పని. బ్రేకు గొట్టాల్లో గాలి తీయాలంటే ఒకరు లోపల పెడలు తొక్కాలి, ఒకరు కింద నిపుల్ విప్పాలి. "తొక్కు... తొక్కు... పట్టుకో." నా కాలు అందేది కాదు, సీటు అంచుదాకా జారి తొక్కేదాన్ని. బుడగలు ఆగేదాకా నాన్న కింది నుంచి లేచేవారు కాదు. ఆ తర్వాత బండిని ఒక చుట్టు తిప్పి తెచ్చి, నాలుగు చక్రాల మధ్యా అరచెయ్యి వెనక వైపు ఆనించి చూసేవారు. ఒకటి వేడిగా ఉంటే బ్రేకు పట్టేస్తోందన్నమాట. మళ్ళీ జాకీ ఎక్కాల్సిందే. ఓనరు ఎంత తొందరపెట్టినా ఇచ్చేవారు కాదు.

"అక్కా, మేకు తల లోపలికి దించాలని చెప్పులు కుట్టేవాడికి ఒకరు చెప్పాలా?" అన్నాడు తమ్ముడు ఉన్నట్టుండి. "పైకి తేలితే పాదానికి గుచ్చుకోదూ?"

నిజమే. నాన్నకు ఈ జవాబు నచ్చేది.

ఫోర్ట్స్‌హైమ్‌కి దిగే దారిలో వాడు గేరు తగ్గించి, బ్రేకు మీద కాలు ఆనీ ఆనకుండా నడిపాడు. బెర్తా చీకటి పడేవేళకు ఇక్కడికి చేరి భర్తకు టెలిగ్రాం ఇచ్చింది. మేం మధ్యాహ్నానికే చేరాం. ఇంజను ఆపి వాడు దిగాడు, నేనింకా బెల్టు తీస్తున్నాను. చూస్తే ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని చెయ్యి తిప్పి ఆనిస్తున్నాడు. తర్వాత వెనక చక్రం. అటు తిరిగి మిగతా రెండూ.

"నాలుగూ ఒకేలా ఉన్నాయక్కా."