మావయ్యకు తెలుగులో చెప్పలేకపోయిన జవాబు

కాశీబుగ్గలో లెక్కల ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్న నాకు, 2021లో షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా తెరిచినప్పుడు, షేర్ల వ్యవహారమంతా అంకెల్లోనే ఉంటుందనిపించింది. లాభం, అప్పు, ఒక్కో షేరుకు వచ్చే ఆదాయం నోటుపుస్తకంలో రాసుకొని, ఆహార ఉత్పత్తులు తయారుచేసే ఒక కంపెనీ షేర్లను 85,000 రూపాయలు పెట్టి కొన్నాను.

మూడు నెలలకోసారి ఫలితాలు ప్రకటించాక చాలా కంపెనీల యాజమాన్యాలు, కంపెనీల పనితీరును విశ్లేషించే ఎనలిస్టుల ప్రశ్నలకు ఫోనులో జవాబులు చెబుతాయి. దానిని కాన్‌కాల్ అంటారు. ఆ రికార్డింగును 24 గంటల్లోగా లేదా తరువాతి ట్రేడింగ్ రోజుకు ముందే, ఏది ముందయితే అప్పటికి, లిఖిత ప్రతిని ఐదు పనిదినాల్లోగా బయటపెట్టాలన్న, షేర్ల మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అయింది. ముంబయిలోని ఫండ్ మేనేజరు విన్న మాటలనే కాశీబుగ్గలో ఉన్న నేనూ వినగలగడం నాకు చాలా పెద్ద విషయం.

అయితే మొదటి రెండు కాన్‌కాల్స్‌ను నేను విన్నాననుకున్నానే గాని, నిజానికి వినలేదు. అమ్మకాలు పెరిగాయన్న ప్రారంభోపన్యాసాన్ని శ్రద్ధగా ఆలకించి, ప్రశ్నలు మొదలయ్యేసరికి, అప్పటికే షేర్లు కొన్నవాడిని గనుక, నాకు నచ్చే మాటలను మాత్రమే ఏరుకున్నాను. ఇంగ్లీషు వేగం అందకపోవడం ఒక కారణమే. అంతకంటే పెద్ద కారణం నా ఆశ. షేరు ధర మూడో వంతు పడిపోయాక పాత రికార్డింగును మళ్ళీ పెట్టి చూస్తే, సరుకు తీసుకున్న డీలర్లు డబ్బు ఎన్ని రోజులకు చెల్లిస్తున్నారని ఒక ఎనలిస్టు స్పష్టంగా అడిగిన ప్రశ్న అందులో ఉంది.

ఆ సాయంత్రం మా మావయ్య ఇంట్లోనే ఉన్నారు. ఆయన ఉద్దానం రైతుల దగ్గర జీడిపిక్కలు కొని పలాస ఫ్యాక్టరీలకు అమ్ముతారు. 80 కిలోల బస్తా ధర చెప్పే ముందు ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా నోరు విప్పరు. పిక్కను చెవి దగ్గర ఆడించి, లోపలి పప్పు చేసే చప్పుడును బట్టి ఎంత ఎండిందో అంచనా వేస్తారు. ఆ ప్రశ్ననూ దానికి వచ్చిన జవాబునూ ఆయనకు తెలుగులో చెప్పబోయాను. ప్రశ్న ఒక్క వాక్యంలో వచ్చేసింది. రెండు నిమిషాల జవాబును మాత్రం ఎన్నిసార్లు ప్రయత్నించినా తెలుగులోకి తేలేకపోయాను, ఎందుకంటే అందులో రోజుల సంఖ్య గాని, బాకీ మొత్తం గాని, వసూలయ్యే గడువు గాని లేవు. వివరాలు తరువాత విడిగా మాట్లాడుకుందామని యాజమాన్యం వారు ముగించారు.

“డబ్బు చేతికి రాని అమ్మకం అమ్మకమేటల్లుడూ?” అన్నారు మావయ్య.

సరుకు అమ్మిన రోజే, డబ్బు రాకముందే, దానిని ఆదాయంగా చూపడం లెక్కల పద్ధతి ప్రకారం తప్పు కాదు. అందువల్లనే లాభం పెరుగుతున్నా నగదు రాకపోవచ్చు. ఆస్తులు, అప్పులు చూపే బ్యాలెన్స్ షీటు, నగదు ప్రవాహ పట్టిక అర్ధ సంవత్సరానికి ఒకసారే వస్తాయి గనుక, మధ్యలోని త్రైమాసికాల్లో ఆ సంగతి తెలియడానికి ఇలాంటి ప్రశ్నలే ఆధారం.

అప్పటి నుంచి ఫలితాలు చదివి, నాకు తెలియాల్సిన మూడు విషయాలు ముందే రాసుకుంటున్నాను. లిఖిత ప్రతి వచ్చేదాకా ఆగకుండా ముందు రికార్డింగే వింటాను, జవాబుకు ముందు పట్టిన జాప్యం, మధ్యలో మరొకరు అందుకోవడం కాగితం మీద కనిపించవు కాబట్టి. తడబాటంతా మోసమని నేననను. లెక్క చేతిలో లేక తడుముకున్నవారు మరుసటి త్రైమాసికంలో సరైన అంకె చెప్పిన సందర్భాలూ విన్నాను. అందుకే ఒకే ప్రశ్నకు వరుసగా మూడు నాలుగు త్రైమాసికాల్లో ఏం చెప్పారో పక్కపక్కన రాసి చూస్తాను.

ఆ కంపెనీ తరువాతి కాన్‌కాల్‌ను మావయ్యను పక్కన కూర్చోబెట్టుకొని, ఒక్కో జవాబు దగ్గర ఆపి తెలుగులో చెబుతూ విన్నాను. బాకీల ప్రశ్న మళ్ళీ వచ్చింది. జవాబు చెప్పడం పూర్తి చేయకముందే ఆయన తల అడ్డంగా ఊపారు. మర్నాడు ఉదయం షేర్లన్నీ అమ్మాను. 31,000 రూపాయలు పోయాయి.