ఆ ఆరు కిలోలు ఎవరు తగ్గాలి

రాత్రి పదకొండు దాటింది, చిన్నది ఇవాళ కూడా అన్నం తినకుండానే పడుకుంది. ఒక కీరదోసకాయ, గ్లాసుడు మజ్జిగ, అంతే. అత్తయ్య పిలిచి పిలిచి విసుగొచ్చి గిన్నెల మీద మూతలు పెట్టేసి వెళ్ళిపోయారు, ఈయనేమో "పోటీ అయ్యేదాకానే కదా, వదిలెయ్" అంటారు. ఎలా వదిలెయ్యను? నిద్ర పట్టక ఇదంతా టైపు చేస్తున్నా.

అదే, వాళ్ళ టీమ్ బ్యాటరీ బండి గొడవ. షెల్ ఎకో మారథాన్ అని, తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం పోయే బళ్ళ పోటీ, దానికి కడుతున్నారు, ప్రోటోటైప్ కేటగిరీ, మూడు చక్రాలు, లోపల వెల్లకిలా పడుకుని నడపాలి. ఎవరు ముందొచ్చారన్నది కాదు, ఒక యూనిట్ కరెంటుకి ఎన్ని కిలోమీటర్లు పోయిందన్నదే లెక్క, బ్యాటరీకీ మోటారుకీ మధ్యలో జూల్ మీటర్ అని ఖర్చయిన కరెంటుని లెక్కగట్టే మీటరు పెట్టి మరీ కొలుస్తారు. 1939లో అమెరికాలో షెల్ ల్యాబులో పనిచేసేవాళ్ళు ఒక గ్యాలన్ పెట్రోలుకి ఎవరి కారు ఎక్కువ దూరం పోతుందా అని పందెం వేసుకున్నారట, అక్కడ మొదలైంది. ఇదంతా నాకు నచ్చే పనే. కానీ రూల్ బుక్కులో ఒక లైనుంది, డ్రైవరు హెల్మెట్, సూట్, బూట్లు అన్నీ వేసుకుని 50 కిలోలకి తగ్గకూడదు, తగ్గితే ఆ మేరకు బండిలో బరువు కట్టాలి. అంతకి తగ్గొద్దు అని వాళ్ళు రాస్తే, అంతకి మించొద్దు అని వీళ్ళు పట్టుకున్నారు. డ్రైవరు మా పిల్లే, అన్నీ వేసుకుంటే 56. మీటింగులో బోర్డు మీద రాశారట, బండి 45, డ్రైవర్ 56 అని. "బండి కన్నా నేనే బరువమ్మా" అని నవ్వింది. ఆ నవ్వు నాకేం నచ్చలేదు.

ఇవాళ సాయంత్రం పులిహోర పట్టుకుని వాళ్ళ వర్క్‌షాపుకి వెళ్ళా, పిల్లలందరూ పొద్దుట్నుంచి అక్కడే ఉన్నారంటేనూ. బండి స్టాండు మీదుంది. ముందు చక్రం చేత్తో ఒక్క తిప్పు తిప్పా, ఊరికే, చెయ్యి ఆగక. గిర్రున తిరిగి టక్కున ఆగిపోయింది.

అక్కడ్నుంచి నాన్న షాపే కళ్ళ ముందు. పొన్నూరులో బస్టాండుకి దగ్గర్లో, అద్దె సైకిళ్ళు, గంటకి అర్ధరూపాయి. ఓవరాలింగ్‌కి వచ్చిన సైకిల్‌ని తల్లకిందులుగా నిలబెట్టి, చక్రం పుల్లలు ఒక్కోటీ వేలితో మీటి చూసి, ఏది లూజో చెవితోనే పట్టేసేవాడు, కీతో పావు తిప్పు బిగించి మళ్ళీ చక్రం తిప్పేవాడు. బెండు తీయడం అయ్యాక చక్రం మధ్యలో ఉండే హబ్బులో పాత గ్రీజంతా కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్రీజులో బాల్సు ఒక్కోటీ పేర్చి, వాటిని పట్టి ఉంచే కోన్ బిగించేవాడు. ఆ కోన్ దగ్గరే ఉంది పనితనమంతా, కాస్త ఎక్కువైతే చక్రం పట్టేస్తుంది, తక్కువైతే ఊగుతుంది. చివర్లో చక్రాన్ని మెల్లిగా తిప్పి వదిలేసి బీడీ ముట్టించేవాడు. చక్రం నెమ్మదించి, వాల్వు కిందికి దిగి, కొంచెం అటు పోయి, వెనక్కొచ్చి, మళ్ళీ అటు పోయి, అలా ఊగి ఊగి వాల్వు కిందనే ఆగాలి. వెనక్కి ఊగకుండా ఎక్కడికక్కడ ఆగిందంటే విప్పి మళ్ళీ మొదట్నుంచి. కస్టమర్ "చాల్లేవయ్యా, నాకు టైమవుతోంది" అన్నా ఇచ్చేవాడు కాదు. వాల్వు బరువెంతుంటుంది? ఆ కాస్త బరువే చక్రాన్ని వెనక్కి లాగగలిగిందంటే లోపల రాపిడి లేనట్టు. నాన్న ఎనిమిదో క్లాసుతో ఆపేశాడు, ఈ పరీక్ష ఆయనకి ఎవరు నేర్పారో.

"బాబూ, ఈ చక్రం పట్టేస్తోంది చూడు" అన్నా. వర్క్‌షాపులో ఒక కుర్రాడితో. వాడు ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా "ఆంటీ, రోలింగ్ రెసిస్టెన్స్ అంతా సిమ్యులేషన్‌లో చూసేశాం" అన్నాడు. చక్రం దొర్లడానికి అడ్డుపడేదంతా కంప్యూటర్‌లోనే లెక్క వేసేశారట. ఒళ్ళు మండింది. చక్రం కళ్ళ ముందుంటే సిమ్యులేషన్‌లో చూడ్డమేంటి నాయనా! వీళ్ళు నడిపే పద్ధతే మోటారు కాసేపు తిప్పి, ఆపేసి, బండిని దానంతటదే జారిపోనివ్వడం. అలాంటప్పుడు బ్రేకు ప్యాడ్ రాసుకుంటున్నా, ముందు చక్రాలు రెండూ సరిగ్గా ఎదురుకి కాకుండా ఒక్క డిగ్రీ పక్కకి చూస్తున్నా, రేసు పొడుగునా ఆ నష్టం పడుతూనే ఉంటుంది. అది వదిలేసి పిల్ల అన్నం కంచం మీద పడ్డారు.

ఇంటికొచ్చాక ఈయన కాగితం మీద వేశారు. బండీ డ్రైవరూ కలిపి 101 కిలోలు, అందులో ఆరంటే ఆరు శాతం. ఆ వేగంలో రమారమి సగం శక్తి గాలిని చీల్చడానికే పోతుంది, దానికి బరువుతో పనిలేదు, కాబట్టి కలిసొచ్చేది మహా అయితే మూడు శాతం. ఇంతోటి దానికా అని వాళ్ళ టీమ్ కెప్టెన్‌కి ఫోన్ చెయ్యబోయి ఆగా. మూడు శాతం మరీ తీసిపారేసేదేం కాదు, 200 కిలోమీటర్లు వచ్చే చోట ఆరు కిలోమీటర్లు, ర్యాంకులు తారుమారైపోతాయి. బరువు తగ్గాలన్న మాట నిజమే. కానీ ఎవరు తగ్గాలి? ముందు చక్రాల నకిల్స్, అంటే చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పే ముక్కలు, మైల్డ్ స్టీల్‌వి, నేనే చేత్తో ఎత్తి చూశా. వెనక మోటారుని బిగించే మౌంట్ ప్లేటు అంత మందం ఎందుకో అడిగితే "స్క్రాప్‌లో అదే దొరికింది ఆంటీ". అల్యూమినియంలో చేయించాలంటే మెషినింగ్‌కి డబ్బులు కావాలి, టైమ్ కావాలి, డిజైన్ మళ్ళీ గీయాలి. పిల్ల అన్నం మానడానికి ఇవేవీ అక్కర్లేదు, అందుకే ముందు అక్కడ కోత పెట్టారు. నా కోపం అదీ.

ఇంకోటి, అదే రూల్ బుక్కులో డ్రైవరు పది సెకన్లలో బండిలోంచి బయటపడాలని ఉంది. తిండి లేక కళ్ళు తిరిగే పిల్ల బెల్టులు విప్పుకుని, పైకప్పు తోసుకుని ఎలా వస్తుంది? ఇది అడిగితే చిన్నది మాట్లాడలేదు. కాసేపాగి "నాకు నడపాలనుందమ్మా, నేను బరువని ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారేమో" అంది. దాని భయం అదన్నమాట. వద్దని నేను మాన్పించలేను, అంత ఇష్టంగా నడిపే పిల్లని.

అందుకని దానికో పని చెప్పా, రేపు కాటా తీసుకెళ్ళి బండిలో ప్రతి ముక్కా విప్పి తూచి, ఆ బోర్డు మీదే ఆ ముక్క పేరు పక్కన బరువు రాయమని. తల ఊపింది. అన్నట్టు, సాయంత్రం మేం వర్క్‌షాపు నుంచి బయల్దేరుతుంటే ఆ సిమ్యులేషన్ కుర్రాడు బ్రేకు ప్యాడ్లని పట్టి నొక్కే కాలిపర్ విప్పుతూ కనిపించాడు, మంచిదే.

పొద్దున్నకి ఇడ్లీ పిండి ఉంది. నాలుగు పెడతా, అల్లప్పచ్చడి వేసి. తిని వెళ్తే సరే, లేదంటే ఆ కెప్టెన్ నంబరు నా ఫోన్లోనే ఉంది.