టెర్మినేటర్ తప్పుల పుస్తకం: నాలుగు వారాల పని

హాలీవుడ్ సినిమా 'టెర్మినేటర్' మొదటి భాగంలో (1984), రెండో భాగంలో (1991) దొర్లిన పొరపాట్లను, చూసినవారు అడిగే సందేహాలను ఒక రూళ్ల పుస్తకంలోకి ఎక్కించే పనికి నాలుగు వారాలు నిండాయి. పేజీకి మూడు గడులు గీసుకున్నాను: చిత్రీకరణలో జరిగిన తప్పు, కథలో జవాబు దొరకని ప్రశ్న, నేనే పొరబడినది. మూడో గడి ఇంత త్వరగా నిండుతుందని అనుకోలేదు.

మొదటి వారం రాసినదంతా కొట్టివేయవలసి వచ్చింది. రెండో భాగాన్ని కొంత పాత డీవీడీలోనూ, కొంత బ్లూరే ప్రతిలోనూ చూసి సమయాలు రాసుకున్నాను గానీ, తీరా పోల్చితే ఒక్కటీ కలవలేదు. సినిమాను సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తారు. నా దగ్గరున్న డీవీడీ పాల్ అనే టీవీ ప్రమాణానికి తగ్గట్టు తయారైనది, అది సినిమాను 25 ఫ్రేముల వేగంతో నడుపుతుంది. అందువల్ల 137 నిమిషాల చిత్రం సుమారు 131న్నర నిమిషాలకే ముగుస్తుంది. అసలు ప్రతిలో గంట దగ్గర వచ్చే దృశ్యం డీవీడీలో 2 నిమిషాల 24 సెకన్లు ముందే వచ్చేస్తుంది. డీవీడీ సమయాన్ని 25తో హెచ్చవేసి 24తో భాగిస్తే లెక్క సరిపోతుంది. ఇప్పుడు ప్రతి నమోదు పక్కనా ఏ ప్రతిలో చూశానో కూడా రాస్తున్నాను.

రెండో వారం రెండో భాగంలోని లారీ వెంటాడే ఘట్టం దగ్గరే గడిచింది. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో 'E' మీట నొక్కుతూ ఒక్కొక్క ఫ్రేమూ జరిపాను. వెనక్కి ఫ్రేమ్ చొప్పున వెళ్లే వీలు అందులో లేదు కనుక, దాటిపోయిన ప్రతిసారీ మూడు సెకన్లు వెనక్కి దూకి మళ్లీ మొదలుపెట్టాలి. లారీ కాలువలోకి దూకి నేలకు కొట్టుకోగానే ముందు అద్దాలు రెండూ చట్రంలోంచి ఊడిపోతాయి, ఆ తరువాతి షాట్లలో అవే అద్దాలు యథాస్థానంలో కనిపిస్తాయి. ఇది నిస్సందేహంగా తప్పే. ఇదే చోట మా చిన్నాన్నగారి అబ్బాయి, కాలువలో లారీ ఎలా పరుగెడుతుందని అడిగాడు. అమలాపురం చుట్టుపక్కల పెరిగిన వాడికి ఆ సందేహం రావడం సహజం, మన పంటకాలువలు వేసవిలో కట్టేసినా అడుగున బురదే కదా. లాస్ ఏంజెలెస్‌లోనివి వరదనీటిని సముద్రానికి తరలించే కాంక్రీటు కాలువలు, 1938 నాటి వరదల తరువాత ముమ్మరంగా కట్టినవి. వాన లేని రోజుల్లో అవి దాదాపు పొడిగానే ఉంటాయి.

మూడో వారం అటక మీది రక్తాక్షి నామ సంవత్సర పంచాంగం అక్కరకు వచ్చింది. మొదటి భాగంలో భవిష్యత్తు నుంచి వచ్చిన కైల్ రీస్ తేదీ అడిగితే, పోలీసు మే 12, గురువారం అంటాడు. కథ జరిగేది 1984లో, ఆ ఏడు మే 12 శనివారం. చెదలు కొట్టిన ఆ పేజీ మీద వారం పేరు మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని వేలితో తడిమి చూసినప్పుడు కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు.

అదే ఊపులో కైల్ రీస్ కొడుకు జాన్ కానర్ పుట్టినరోజును కూడా తప్పుల గడిలో వేశాను. రెండో భాగంలో పోలీసు కంప్యూటర్ చూపే తేదీ 1985 ఫిబ్రవరి 28. రాజోలులో నర్సుగా పనిచేస్తున్న మా వదినగారు అది చూసి, "కడుపు నిలిచిన రోజు నుంచి 266 రోజులు లెక్కపెట్టాలి మరిదిగారూ, తొందరపడి తప్పనకండి" అన్నారు. కథ ప్రకారం కడుపు నిలిచింది మే 13న కనుక, ఆనాటి నుంచి లెక్కిస్తే 291 రోజులు వచ్చాయి. పాతిక రోజుల ఆలస్యం అరుదే గానీ అసాధ్యం కాదని ఆవిడ చెప్పడంతో, నమోదును ప్రశ్నల గడికి మార్చాను.

ఆ గడిలోనే ఉన్న పెద్ద ప్రశ్న, రెండో భాగంలో జాన్‌ను చంపడానికి భవిష్యత్తు నుంచి వచ్చే టి-1000 అనే యంత్రానిది. సజీవ మాంసం కప్పని లోహం కాలాన్ని దాటలేదన్నది మొదటి భాగంలోని నియమం. నిలువెల్లా ద్రవలోహమైన టి-1000 ఎలా దాటిందో రెండో భాగం చెప్పదు. అభిమానులు చెప్పే సమాధానాలేవీ పుస్తకంలోకి ఎక్కించలేదు, తెర మీద ఉన్నదే నాకు ప్రమాణం.

ఈ వారం హెలికాప్టర్ ఘట్టం మొదలుపెట్టాను. నడుపుతూనే తుపాకీ పేలుస్తున్న టి-1000కు రెండుకు మించి చేతులు కనిపిస్తాయి. తమ్ముడు దాన్ని తప్పుగా రాయమన్నాడు గానీ, కోరిన ఆకారం దాల్చే లోహం కనుక అది కావాలని చేసిన పనే. అదనపు చెయ్యి కనిపించే ఫ్రేములను లెక్కిస్తున్నాను. బ్లూరే ప్రతిలో ముగిశాక డీవీడీలో మరోసారి సరిచూడాలి.