డబల్ బీన్స్ కట్టుతో చారు పెట్టకండి

మేం మదనపల్లె వైపోళ్ళం, బెంగళూరొచ్చి ఎన్నేళ్ళయినా డిసెంబర్ వస్తే అనపకాయలు, ఆ గింజలు నానబెట్టి తోలు పితికి చేసే పితికిపప్పు తప్ప నోటికి ఇంకోటి రుచించదు. అలాంటిది పోయినేడు ఎర్ర మచ్చల డబల్ బీన్స్ గింజలు దొరికితే ముచ్చటేసి నాలుగు తెచ్చి మిద్దె మీద గ్రో బ్యాగ్‌లో పెట్టా. లైమా బీన్స్ అంటారే అవే, పెరూలో లీమా ఊరి పేరది. వారం పదిరోజులకి మొలకొచ్చింది, ఆ తర్వాత తీగ ఆగితే కదా, పురికొస కట్టి పాకిస్తే వాటర్ ట్యాంకు దాకా పోయింది, ఆకు గుబురుగా ఉంది గానీ పూత లేదు. తప్పు నాదేలెండి, ఎరువు దట్టించేశా, నత్రజని ఎక్కువైతే ఆకే తప్ప కాయ రాదు. ఎరువు ఆపాక పూత పట్టింది, పేనుబంక కూడా పట్టిందనుకోండి, వేపనూనె కొట్టా.

అసలు కథ కాయలు కోశాక. మా వాడు ఒలుస్తా ఒలుస్తా ఉడకబెట్టని గింజ నోట్లో వేసుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపా. ఇది పచ్చిబఠాణీ కాదు, దీంట్లో లినమారిన్ అనే పదార్థం ఉంటుంది, గింజ నలిగిందంటే లోపలే ఉన్న ఎంజైము దానికి తగిలి సైనైడ్ పుడుతుంది. తెల్ల రకాల్లో తక్కువ, రంగు గింజల్లో ఎక్కువ అంటారు, మావేమో మచ్చలవి.

అందుకే ఎండు గింజల్ని రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు పోసి మూత పెట్టకుండా తెర్లనిచ్చి మెత్తగా ఉడికించా. హైడ్రోజన్ సైనైడ్ 26 డిగ్రీలకే ఆవిరైపోతుంది, మూత పెడితే ఎటు పోతుంది మరి? లినమారిన్ నీళ్ళలోకి దిగుతుంది కాబట్టి ఉడికిన నీళ్ళూ వంచేయాలి.

ఇక్కడే అమ్మతో పేచీ. "అదేందే, కట్టంతా పారబోస్తే సారమేముంటాది, చారు పెడదాం ఉండు" అని అప్పటికే కింద ఇంకో గిన్నె పెట్టేసింది, ఉలవకట్టు చుక్క వదలని మనిషి. లినమారిన్ అంటే వింటుందా. "వానల్లేక వాడిన లేత జొన్న మేసి ఆవులు పడిపోతాయి కదమ్మా, ఆ విషమే ఇది" అంటే అప్పుడు గిన్నె తీసింది.

తర్వాత కొబ్బరి, ధనియాలు, వెల్లుల్లి నూరి అచ్చం పితికిపప్పు లాగే చేసింది, సంగటిలోకి అదిరింది. నీళ్ళు వంచేటప్పుడు మాత్రం సింకు వైపు చూడలేదు.