రెండు గ్లాసుల మట్టి

పశ్చిమ ఆస్ట్రేలియాలో, మెర్రెడిన్ దగ్గర గోధుమలు పండించే ఒక ఫారంలో ట్రాక్టర్ నడుపుతాను. ఏప్రిల్ చివర్లో ఇక్కడ విత్తే పని మొదలవుతుంది. మొదటి ఏడాది తాళం చేతికిచ్చి విత్తమంటే "ఇంకా దున్నలేదు కదా" అన్నాను. ఓనర్ నవ్వాడు. ఆ చేను దున్నక ఇరవై ఏళ్లు దాటిందట. పాత కొయ్యకాళ్ల మధ్యలోనే, విత్తే మిషన్‌కున్న కత్తిలాంటి ముక్కు నేలను సన్నగా చీలుస్తుంది. గింజ, ఎరువు అందులో పడతాయి, వెనక చక్రం ఒత్తుకుంటూ పోతుంది. సాళ్ల మధ్య నేలను ఏదీ ముట్టుకోదు.

ఫోన్లో చెబితే నాయిన నమ్మలేదు. "దున్నకుండ ఇత్తనమేస్తరా? పని చేతగాక గట్ల చేస్తున్నరు బిడ్డా."

దేవరకొండ దగ్గర మాది నాలుగెకరాల చెల్క, ఎర్రనేల. ఎండాకాలం రెండుసార్లు దున్నించి, పత్తికట్టె పీకి కాలబెట్టి, చేను అద్దంలా కనబడితేనే ఆయనకు నిద్ర.

ఇక్కడ ఏడాదికి 300 మిల్లీమీటర్ల వాన దాటితే సంబరం. మాకు దానికి రెట్టింపు పడుతుంది. కానీ తొలకరి దెబ్బకే చెల్క పైన అప్పడంలా గట్టిపడుతుంది, తర్వాతి వాన ఎర్రనీళ్లై వాగులో కలుస్తుంది. ఇక్కడ చినుకు దెబ్బ గడ్డి మీద పడుతుంది. ఆ గడ్డి పక్కకు జరిపి చూస్తే, మిట్టమధ్యాహ్నం కూడా కింద మట్టి చల్లగా తగులుతుంది.

ఒకరోజు ఓనర్ రెండు నీళ్ల గ్లాసుల్లో రెండు పెళ్లలు వేశాడు. పెరట్లో తవ్విన మడిలోది నిమిషంలో బురదైంది. చేనుది అలాగే నిలిచింది. వేర్లు, బూజు దారాలు మట్టిని జిగురులా పట్టి ఉంచుతాయి. దున్నితే ఆ దారాలు తెగుతాయి, లోపలికి గాలి తగలడంతో, నేలలో కుళ్లిన చెత్తను సూక్ష్మజీవులు త్వరగా తినేస్తాయి.

ఆ రాత్రే తమ్ముడికి వీడియో కాల్ చేసి మా చెల్క పెళ్ల ఒకటి, గట్టు మీద వేపచెట్టు కింద నాగలి తగలని చోటి పెళ్ల ఒకటి వేయించాను. చెల్కది చూస్తుండగానే విచ్చిపోయింది. గట్టుది విడలేదు. నాయిన ఏమీ అనలేదు, వేలితో పొడిచి చూశాడంతే.

ఇదంతా బంగారమేమీ కాదు. దున్నరు కాబట్టి విత్తే ముందు కలుపుమందు కొట్టాల్సిందే. రైగ్రాస్ అనే కలుపు చాలా మందులకు చావడం మానేసింది. ఆ డబ్బాలు రోజూ ఎత్తేది నేనే, వాటిని మా ఊరికి మోసుకుపోవాలని లేదు. పైగా ఇలాంటి పొడి నేలలో కర్బనం, అంటే ఆ కుళ్లిన చెత్త సారం, చాలా మెల్లగా పెరుగుతుంది, అదీ ఎక్కువగా పైపొరలోనే. మా దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. కోత అయ్యాక చేను మనదొక్కరిదే కాదు, ఊరి గొర్లదీ మేకలదీ. మంద పెట్టించుకుంటే ఎరువు దొరుకుతుంది, కానీ నేల మీద గడ్డిపోచ మిగలదు.

ఈసారి ఒక్క ఎకరంలో పత్తికట్టె కాలబెట్టకుండా కిరాయి మిషన్‌తో ముక్కలు చేయించి వదిలేశాం. పత్తి మధ్య కంది సాళ్లు వేశాం. మిగతా మూడెకరాలు నాయిన ఎప్పటిలాగే దున్నించాడు.

మొన్న ఫోన్ చేశాడు. "నీ ఎకరం గలీజుగ కనవడ్తుందిరా. ఊరోళ్లు అడుగుతున్నరు."

"ఏం చెప్పినవ్ నాయినా?"

"పెద్దకొడుకు ఆస్ట్రేలియలకెల్లి ఎవుసం చేస్తున్నడని చెప్పిన."