మిణకకూడనిది మిణుకుతోంది: లాగ్ 7

దూరపు రేడియో సోర్స్‌లు నక్షత్రాల మధ్య గ్యాస్ వల్ల మిణుకుతాయి, వాటి గ్రాఫ్‌లు గీస్తున్నాను. అందులో ఒక్క గుంట, అంటే వెలుగు కాసేపు తగ్గిన చోటు, నా మూడు వారాంతాలు మింగేసింది.

మంచి వార్త ఒక్క ముక్కలో: నా టార్గెట్, పీకేఎస్ 1257-326 అనే క్వాసార్ (దూరపు గెలాక్సీ నడిబొడ్డున వెలిగే కేంద్రం) మిణుకులు 4.8 గిగాహెర్ట్జ్‌లో శుభ్రంగా వచ్చాయి. 45 నిమిషాల్లో 40 శాతం దాకా మార్పు అంటే ఏమో అనుకున్నాను గానీ, గ్రాఫ్ చూస్తే నమ్మక తప్పదు.

గొడవంతా చెక్ సోర్స్‌తో, అంటే పోల్చి చూడ్డానికి పెట్టుకున్న దానితో. టార్గెట్ పక్కనే ఉన్న 0.6 జాన్స్కీల (రేడియో వెలుగు కొలత) క్వాసార్, కదలకుండా ఉండాలి. ఏటీసీఏ (ఆస్ట్రేలియాలోని రేడియో డిష్‌ల వరస) ఆర్కైవ్ నుంచి దించుకున్న రెండు వరుస రోజుల డేటాలోనూ 3 శాతం లోతు, 25 నిమిషాల వెడల్పు గుంట. కొత్త మిణుకు దొరికిందని గంతేశాను. తీరా టైములు చూస్తే రెండో రోజు గుంట సరిగ్గా 4 నిమిషాలు ముందే వచ్చింది. భూమి తిరుగుడు వల్ల నక్షత్రాలు రోజూ 4 నిమిషాలు ముందొస్తాయి, అదే నక్షత్ర కాలం. నక్షత్రాల మధ్య గ్యాస్‌కు దానితో పనేముంది? అక్కడే ఉత్సాహం చచ్చింది.

పైగా అది సోర్స్ నడినెత్తి దాటే వేళ. నడినెత్తికి 2 డిగ్రీల దూరంలోనే వెళ్తుంది కాబట్టి ఆ కాసేపు డిష్ దృష్టిలో ఆకాశం గిర్రున తిరిగినట్టే. డిష్ తరంగాన్ని ఎక్స్‌ఎక్స్, వైవై అని రెండు అడ్డదిశల్లో విడివిడిగా పట్టుకుంటుంది. నేను బద్ధకించి ఎక్స్‌ఎక్స్ ఒక్కటే గీశాను. వైవై గీస్తే గుంట ఉన్నచోటే గుట్ట! పోలరైజేషన్ (తరంగం ఒక దిశలో ఎక్కువ ఊగడం) అన్నమాట. నిజం మిణుకైతే రెండూ కలిసి లేచి, కలిసి పడేవి. రెండూ కలిపితే 3 శాతం కాస్తా 1.1కి దిగింది. సున్నా మాత్రం కాలేదు.

పాయింటింగేమో, అంటే డిష్ గురి తప్పిందేమో అనుకున్నా. అక్కడ డిష్ అజిమత్ (దిక్కు కోణం) నిమిషానికి సుమారు 6 డిగ్రీలు తిరగాలి మరి. 4.8లో బీమ్ (డిష్ చూపు వెడల్పు) దాదాపు 10 ఆర్క్‌నిమిషాలు (ఆర్క్‌నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు, ఆర్క్‌సెకను అందులో 60వ వంతు), 1.1 శాతం పోవాలంటే గురి 40 ఆర్క్‌సెకన్ల దాకా తప్పాలి. అదే నిజమైతే, బీమ్ ఇంకా సన్నమయ్యే 8.6 గిగాహెర్ట్జ్‌లో గుంట మూడింతలవ్వాలి. అక్కడ ఉన్నది 0.3 శాతమే. ఆ ఊహ పోయింది.

మ్యాప్ వేస్తే 4 ఆర్క్‌నిమిషాల అవతల 9 మిల్లీజాన్స్కీల పొరుగు సోర్స్ కనిపించింది. తూర్పు-పడమర వరసలో ఉన్న డిష్‌లకు అది రోజూ అదే గంటకోణంలో (సోర్స్ ఆకాశంలో అదే చోటుకు రాగానే) అదే వంకర పెడుతుంది. 8.6లో బీమ్ సన్నం, పొరుగుది అంచుకు పోతుంది, కాబట్టి వంకర తక్కువ. లెక్క కుదిరింది. పొరుగుదాన్ని డేటాలోంచి తీసేశాను: గుంట 0.5 శాతం మిగిలింది! చిన్న బేస్‌లైన్లు (దగ్గరదగ్గర డిష్‌ల జతలు) వదిలేశాను: మళ్లీ 0.5. పొరుగుది ఒకటి కాదు, రెండు ముక్కలేమోనని నా అనుమానం. 10 నిమిషాల సగటు తీస్తే గుంట మెత్తబడుతుందంటారు కొందరు. అది చెత్తను చాప కిందకు తోయడమే, నేను 1 నిమిషమే వాడతాను. ఈ పనికి వాడే సాఫ్ట్‌వేర్లలో మిరియడ్ పాతదైనా నాకు కాసా కంటే చేతికి బాగా అలవాటు.

40 శాతం మిణుకుకు 0.5 లెక్కలోది కాదు. కానీ 2 శాతం మిణికేవాటి మీద నా కన్నుంది, అక్కడ ఇది కొంప ముంచుతుంది. ఈసారి పొరుగును రెండు ముక్కలుగా మోడల్ చేస్తాను. అది తేలితే వేర్వేరు నెలల డేటా దించాలి: భూమి సెకనుకు 30 కిలోమీటర్ల పరుగు గ్యాస్ కదలికకు ఒక కాలంలో తోడై, ఇంకో కాలంలో ఎదురై, మిణుకుల వేగాన్ని ఏడాది పొడవునా మారుస్తుంది కదా, ఆ వంపు నా గ్రాఫ్‌లో చూడాలనుంది. డిస్క్‌లో మాత్రం ఇప్పటికే 11 జీబీయే మిగిలింది.