నెలసరి గోలీని నేను మందు అనుకోలే

పొట్ట కొవ్వు తీయించుకుని ఎనిమిది నెలలైంది. మెట్లెక్కితే ఇప్పుడు ఆయాసం రావట్లేదు, అందుకే కూసుని రాస్తున్న.

మాది నల్లగొండ. ఇద్దరు పిల్లలు, రెండూ పెద్దాపరేషన్లే. కోత పైన పొట్ట సంచి లెక్క వేలాడేది. ప్రకాశం బజార్ల మా టైలరమ్మ టేపు చుట్టి, "అక్కా, ఇగ నుంచి డ్రెస్సుకు ఇంకో పావు మీటరు ఎక్కువ తేవాలె" అన్నది. ఆమె తప్పేం లేదు, గుడ్డ నిజంగనే చాలలే. కానీ ఆ నెలే చిట్టీ పాడిన.

హైదరాబాద్‌ల ఒక క్లినిక్. సోమవారం లైపోసక్షన్, మర్నాడు పొద్దున డిశ్చార్జి. మూడు లీటర్లు తీసినమన్నరు. నొప్పికి భయపడి కార్ల కదలకుండ కూసున్న. రెండున్నర గంటలు, పంతంగి టోల్‌గేట్ కాడ గూడ దిగలే.

అది బరువు తగ్గే ఆపరేషన్ కాదని నాకు తర్వాత తెల్సింది. చర్మం కింది కొవ్వునే గొట్టంతోని గుంజుతరు, పేగుల చుట్టూ పట్టిన కొవ్వు జోలికి పోరు. సాగిన తోలు సాగినట్టే ఉంటది. నా పొట్టకు కావాల్సింది తోలు కోసి కుట్టే వేరే ఆపరేషనేమో, ఆ ముచ్చట ఎవ్వరూ తియ్యలే. కొవ్వు గుంజే ముందు లోపలికి సెలైన్ ఎక్కిస్తరు. అండ్ల మొద్దుబారనీకి లిడోకెయిన్, రక్తం ఎక్కువ పోకుండ అడ్రినలిన్ కలుపుతరు. ఆ నీళ్ళే రెండు రోజులు ఎర్రగ కారి దుప్పట్లు తడిసినయి. అది మామూలేనట. నేను దుప్పట్లు చూసి భయపడుకుంట కూసున్న గని, కుడి పిక్క గట్టిపడి గుంజుతుంటే ఆపరేషనైనంక క్లినిక్ వాళ్ళు పొట్టకు చుట్టిన బెల్టు బిగుసుకు అట్లయితున్నదనుకున్న.

నాలుగో రాత్రి. ఒంటిగంట దాటింది. మెలకువొచ్చేసరికి గాలి అందుతలేదు. బెల్టే నొక్కుతున్నదని మీది నుంచి ఒక్కో హుక్కు తీస్తున్న. ఒకటి, రెండు, మూడు. ఆఖరి హుక్కు ఊడింది, బెల్టు పక్కల పడ్డది, గాలి మాత్రం లోపటికి వస్తలేదు. అప్పుడు తెల్సింది బెల్టు కాదని. గుండె దడదడ. మాట్లాడితే రెండో మాటకు ఊపిరి తెగుతున్నది.

క్లినిక్ వాళ్ళు ఇచ్చిన నంబరుకు మా ఆయన ఫోన్ చేసిండు. మూడోసారికి ఎత్తిన పిల్ల అన్న మాట నేను చచ్చేదాక మర్చిపోను. "గ్యాస్ అయ్యుంటది సార్. బెల్టు మాత్రం తీయొద్దని చెప్పండి, షేప్ పోతది."

షేప్ పోతదంట.

మా ఆయన ఆ ఫోన్ పెట్టేసి 108కు కొట్టిండు. ఈ ఆపరేషన్ వద్దని నాతోని నెల రోజులు మాట్లాడని మనిషి, ఆ రాత్రి ఒక్క మాట ఎత్తిపొడవలే. అంబులెన్సుల వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ 86 చూపిచ్చింది.

ఆసుపత్రిల డ్యూటీ డాక్టరమ్మ చిన్నపిల్ల లెక్కనే ఉన్నది. నా పొట్ట సంగతి తర్వాత, ముందు కాళ్ళు చూసింది. పిక్క నొక్కితే నేను అరిచిన. "ఏమన్న గోలీలు వాడుతున్నవా అమ్మా? పిల్లలు కాకుండ గానీ, నెలసరి ఆపనీకి గానీ?" అని అడిగింది.

వాడుతున్న. మా మరిది ఇంటి గృహప్రవేశానికని అత్తమ్మ తెప్పిచ్చింది. పని అయిపోయినంక గూడ నేనే ఆపలే, బెల్టు కింద ఆ తిప్పలెందుకని. క్లినిక్ ఫారంల 'వాడుతున్న మందులు' అన్న కాడ 'లేవు' అని నా చేత్తోనే రాసిన. పండుగొస్తే వాడకట్టంత వేసుకునే గోలీని మందని ఎవరనుకుంటరు? వాళ్ళు పేరు పెట్టి అడిగి ఉంటే చెప్తుంటి. అడగలే.

సీటీ స్కాన్ల తేలింది. కాలి నరంల కట్టిన రక్తం గడ్డ ఊపిరితిత్తులకు పోయింది. ఆపరేషన్, కదలకుండ పండుడు, కార్ల ఆ కూసునుడు, గోలీ, అన్నీ కలిసినయన్నరు. రక్తం పలచబడే సూదులు మామూలుగ పొట్టకే ఇస్తరట. నా పొట్టంత నీలంగ కమిలి ఉంటే, సిస్టరమ్మ జాగ వెతికి వెతికి తొడకిచ్చింది. తర్వాత మూడు నెలలు గోలీలు. డాక్టరమ్మ నాకు ప్రాణం పోసింది, డిశ్చార్జి రోజు మాత్రం తిట్లు గూడ పోసింది. పడ్డ. ఇన్సూరెన్సోళ్ళు సోకు ఆపరేషన్ వల్ల వచ్చిందని బిల్లు వాపస్ కొట్టిన్రు.

చేయించుకోవద్దని నేను అనను, ఎవరి ఒళ్ళు వాళ్ళది. కానీ డాక్టర్ పేరెనక ఎం.సీహెచ్. గానీ డి.ఎన్.బి. గానీ డిగ్రీ, అదీ ప్లాస్టిక్ సర్జరీలది, ఉన్నదా చూడున్రి. బోర్డు మీద కాస్మెటిక్ అని ఎవరైనా రాసుకుంటరు. మత్తు డాక్టరెవరు, ఐసీయూ ఎంత దూరం, అర్ధరాత్రి ఫోన్ ఎవరెత్తుతరు, ఇవి పైసలు కట్టకముందే అడగాలె. 5 లీటర్లకు మించి ఒక్కసారే తీస్తమంటే, ఆ రాత్రి అక్కడ్నే ఉంచుకుంటరా అని గూడ అడగాలె. మింగే ప్రతి గోలీ చెప్పున్రి, పసరైనా సరే. లేవమన్న కాడికి లేచి నడవున్రి. ఒక్క కాలు వాచినా, ఆయాసమొచ్చినా క్లినిక్‌కు ఫోన్ చేసుకుంట కూసోకున్రి.

ఆరు నెలలకు ఆ క్లినిక్ నుంచి మెసేజ్ వచ్చింది, 'ఆఫ్టర్' ఫోటో పంపమని. నా పొట్ట ఎడమ దిక్కు గుంత పడ్డది, కుడి దిక్కు ఎత్తుగనే ఉన్నది. అది పంపలే. సీటీ ఫిల్ము కిటికీకి పెట్టి ఫోటో తీసి పంపిన. రెండు నీలం టిక్కులు పడ్డయి. జవాబు రాలే.

ఆసుపత్రిల ఉన్నప్పుడు అత్తమ్మ చెరువుగట్టు రామలింగేశ్వరునికి మొక్కింది. అప్పటికి నేను ఎక్కలేనని తనే మోకాళ్ళ నొప్పులతోని గట్టెక్కి మొక్కు తీర్చొచ్చింది. గోలీల సంగతి మా మధ్యల ఎప్పుడూ రాలే. మొన్న ఇంట్ల సత్యనారాయణ వ్రతం పెట్టుకుంటే, క్యాలెండర్ చూసి నా దిక్కు చూసింది.

"ఆ రోజైతే ముంగట అర్రల కూసో బిడ్డా. పీటల మీద పెద్దోన్ని వాళ్ళ నాయిన పక్కన కూసోబెడ్త" అన్నది.